పదకొండో మనిషి గొంతు

ఆ శనివారం పొద్దున్న ప్రొఫెసర్ హోరేషియో పెన్నిమన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆటలో ఓడిపోవడం, సాయంత్రం బట్టలు సర్దుకోవడం, మంగళవారం రైలెక్కి అక్క ఇంటికి వెళ్లి పొయ్యి పక్కన నాలుగు రోజులు నిద్రపోవడం.

హార్లో కాలేజీలో ఆయన లాటిన్ చెబుతాడు. వయసు నలభై రెండు. సెప్టెంబరులో అధ్యాపకుల సమావేశంలో కునికిపాట్లు పడుతూ తలూపితే, జట్టుకు తక్కువైన పదకొండో మనిషిగా రాసేసుకున్నారు. బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ అది. కుర్రాళ్లు చాలక మేష్టార్లు కూడా ఆడే కాలమది; ఒహాయోలో అది ఎవరికీ వింతగా తోచలేదు, ఆయన మోకాళ్లకు తప్ప. ఇప్పటికి నాలుగు ఆటలు ఓడారు. చివరిది తొంభై, సున్నా. ఐదోది కూడా ఓడితే బంతిని బీరువాలో పెట్టి తాళం వేస్తానని కాలేజీ ప్రెసిడెంటు చెప్పేశాడు. గెలిస్తే మాత్రం వచ్చే గురువారం, థాంక్స్‌గివింగ్ పండగ నాడు ఇంకో ఆట. పెన్నిమన్ ప్రాణాలన్నీ ఆ తాళం మీదే పెట్టుకుని ఉన్నాడు.

కాఫీ తాగుతుండగా, అసలు ఈ ఒక్కటీ ఎగ్గొడితేనో అనిపించింది. పదిమందే ఆడితే ఓటమికి ఢోకా ఉండదు. కెప్టెన్ ఎబెన్ క్రౌడర్ పిలవడానికి వచ్చేసరికి గొంతు పట్టుకుని కూర్చున్నాడు.

"గొంతు నొప్పి బాబూ. మాట పెగలడం లేదు" అన్నాడు, కాస్త స్పష్టంగానే.

"పరిగెత్తేది కాళ్లతోనే కదండీ" అన్నాడు ఎబెన్. "మీరు మాట్లాడాల్సింది ఒక్క మాటే. వాళ్లు పట్టుకోగానే 'డౌన్' అనాలి. మీరు అనేదాకా ఆట ఆగదు."

ఆ మాట పెన్నిమన్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. నాలుగు ఆటల్లోనూ ఎవరైనా పదడుగుల దూరంలో కనబడితేనే ఆయన 'డౌన్' అనేసేవాడు.

గది అద్దెకిచ్చిన మిసెస్ స్ట్రాట్ ఈ మాటలు విని గరిటెతో సహా వచ్చేసింది. "గొంతు నొప్పా? ముందే చెప్పరేం? మా ఆయనకూ ఇలాగే మొదలైంది." మిసెస్ స్ట్రాట్ విధవరాలై ఆరేళ్లు. మిరియాలు వేసి మరిగించిన వెనిగర్‌తో పుక్కిలింపించింది. కిరసనాయిలు చుక్కలు వేసిన పంచదార మింగించింది. ఉడికించిన ఉల్లిపాయలు పాత మేజోడులో కూరి మెడకు కట్టింది. 'చాలు తల్లీ' అందామని పెన్నిమన్ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది.

"చూశారా, ఎంత ముదిరిందో" అందామె తృప్తిగా.

తొడుక్కోమని ఇచ్చిన ప్యాంటుకు నడుము దగ్గర రెండు తోలు పిడులు కుట్టి ఉన్నాయి. "మిమ్మల్ని పట్టుకుని ముందుకు లాగడానికండీ" అన్నాడు ఎబెన్. "పెద్ద కాలేజీల వాళ్లంతా కుట్టించుకుంటున్నారు. ఇవి మీ సంచీవే." ఊరికి తీసుకెళ్లాల్సిన సంచీ మంచం కింద పిడుల్లేకుండా పడి ఉంది. తిడదామంటే గొంతు లేదు.

మైదానం వాన నీటితో బురదగుంట అయింది. ఎవరూ అడుగు ముందుకు వేయలేక సున్నా, సున్నా దగ్గరే ఆట ఈడ్చుకుంటూ పోయింది. ఇంకో నాలుగు నిమిషాలుందనగా, జారిపడ్డ బంతి ఒకటి వచ్చి పెన్నిమన్ ఒళ్లో వాలింది. మరుక్షణం అవతలి జట్టువాళ్లు ముగ్గురు ఆయన మీద పడ్డారు. ఆయన నోరు తెరిచాడు. ఉల్లిపాయ వాసన వచ్చింది, మాట రాలేదు.

"డౌన్ అనవేమయ్యా ముసలాయనా" అన్నాడు మెడ పట్టుకున్నవాడు.

అనలేనని పెన్నిమన్ తల అడ్డంగా ఊపాడు.

"అననంటున్నాడ్రా. ఎంత పొగరో చూడు." ఇంకో ఇద్దరు మీద పడ్డారు.

ఆగమని పెన్నిమన్ చెయ్యెత్తాడు. "ముందుకు పదమంటున్నారు. లాగండ్రా" అన్నాడు ఎబెన్. చెరో పిడీ పట్టుకుని హార్లో కుర్రాళ్లు లాగారు, మిగతావాళ్లు వెనకనుంచి నెట్టారు. రిఫరీ పక్కనే నడుస్తూ వచ్చాడు. "ఆయన అనందే నేను ఈల ఊదకూడదండీ" అన్నాడు విచారంగా. పెన్నిమన్‌కు ఏడుపొచ్చింది. ఎక్కడైనా సరే ఓ మూల పడుకోనిస్తే చాలనిపించింది. అరవై గజాలు బురదలో ఈడ్చి, ఆయన్ని మైదానం చివరి గీత అవతల బంతితో సహా పడుకోబెట్టారు. అదే హార్లో కాలేజీ మొట్టమొదటి టచ్‌డౌన్. దానికి ఆ రోజుల్లో నాలుగు పాయింట్లు; నాలుగు, సున్నాతోనే ఆట ముగిసింది.

ప్రెసిడెంటు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ పట్టుదల చూశాక నాకే సిగ్గేసింది ప్రొఫెసర్. వచ్చే ఏడు ఎనిమిది ఆటలు ఖాయం చేస్తున్నాను."

"గురువారం పండగ ఆట ఉండనే ఉంది" అన్నాడు ఎబెన్. "వచ్చే ఏటికి కెప్టెన్ మీరేనని కుర్రాళ్లంతా ఒక్కమాట అనేసుకున్నారండీ."

మిసెస్ స్ట్రాట్ తేనె కలిపిన వేడినీళ్లు పట్టించింది. గొంతులో ఏదో విడినట్టయింది. పెన్నిమన్ అందరి ముఖాలూ ఒకసారి చూసి, నిదానంగా, స్పష్టంగా, "డౌన్" అన్నాడు.

ఆట ముగిసి అప్పటికి అరగంటయింది.