దొరబాబు గారి కణాలకు టిఫిను

రెండువేల మూడో సంవత్సరంలో, రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు దొరబాబు గారి ఎడమకాలి బొటనవేలికి లేజరు వైద్యం ప్రారంభించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. షుగరు దయవల్ల ఆ వేలి మీద పుండు నెలల తరబడి ఆయనతోనే కాపురం చేస్తోంది. వేలంటే ఆయనకు ప్రాణం. తడిసిన చేలగట్టు మీద జారకుండా నడవాలంటే బొటనవేలు నొక్కిపట్టాలి. అది లేని రైతు గట్టు మీద ఉండడు, చేలో బోర్లా ఉంటాడు.

డాక్టరు ఉదయభాస్కర్ గారు పుండు మీద ఎర్రటి వెలుగు పట్టి సవివరంగా సెలవిచ్చారు. "షుగరు వల్ల మీ కణాలు నీరసించాయండి. ఈ వెలుగు వాటిని తట్టి లేపుతుంది. అవి పెరిగి, పుండు దగ్గరికి చేరి, కొత్త చర్మం అల్లుతాయి. వేడుండదు, నొప్పుండదు. మీరు తీపి మానేస్తే చాలు."

ఈ ఉపన్యాసంలో చివరి వాక్యం తప్ప మిగిలినదంతా దొరబాబు గారి భార్య వీరవేణి గారి మనసును కలచివేసింది. "అయ్యయ్యో, నీరసంతో పని చేస్తున్నాయాండీ?" కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికి కూడా టిఫిను పెట్టి పంపే ఇల్లది. అలాంటిది, ఇంటాయన కాలి మీద రేయింబవళ్ళు పని చేసే కణాలు పస్తుండాలా? వాటికి విడిగా నోళ్ళు లేవు కనక, వాటి వంతు బొబ్బట్లు, సున్నుండలు దొరబాబు గారే ఆరగించేవారు.

అయినా మొదట్లో లేజరుదే పైచేయి అయింది. పుండు కాస్త చిన్నదైంది. సర్పంచి సత్తియ్య గారు తక్షణం సభ పెట్టించి, కాలిని కుర్చీ మీద ఆసీనం చేసి శాలువా కప్పారు. "సోదర సోదరీమణులారా! లైటు వెయ్యగానే లేచి పనిలోకి దిగే కణాలు మన గోదావరి జిల్లాల్లో తప్ప దేశంలో ఇంకెక్కడున్నాయండీ?" చప్పట్లు మోగాయి. కాజాలు పంచారు. కణాల తరఫున దొరబాబు గారు చేతికందినన్ని స్వీకరించారు.

పుండు మళ్ళీ విచ్చుకుంది. రక్తపరీక్ష చూసిన డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "నేనొక పక్క లేపుతుంటే మీరింకో పక్క జోకొడుతున్నారండీ. ఇలాగైతే వేలు తీసెయ్యాలి."

దొరబాబు గారు ఇంటికొచ్చి, ఇక తీపి ముట్టనని ఒట్టేశారు. పెద్దాపురం బస్సు వచ్చేదాకా ఒట్టు చెక్కుచెదరలేదు. బస్సులోంచి ఆయన మేనత్త పెద్దింట్లమ్మ గారు పూతరేకుల డబ్బాతో దిగారు.

"వద్దత్తయ్యా, వేలు పోద్దంట."

"ఇంత ఎండలో పడొస్తే వద్దంటావేంట్రా? ఒక్కటి తింటే కొంప మునిగిపోద్దా?" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

దొరబాబు గారు వేలి వంక చూశారు. అత్త వంక చూశారు. వేలు ఏమీ అనుకోదు, అత్త అనుకుంటుంది. ఒకటి తిన్నారు. ఒక్కటే తింటే బాగుండదని ఇంకోటి తిన్నారు.

వేలు తీసేశారు.

"ఉత్త ఎర్రలైటుకి పుండు మానుద్దేంటండీ!" అని సత్తియ్య గారు సంతాపసభలో తేల్చేశారు. ఊరంతా లేజరును దుమ్మెత్తిపోసింది. సభానంతరం కాజాలు పంచారు.

దొరబాబు గారిప్పుడు గట్టు దాకా వెళ్ళి, తన చేను దూరం నుంచే చూసుకుని వెనక్కి వస్తున్నారు. పక్క వేలి మీద చిన్న పుండు లేచింది. పాపం, ఒకసారి చూసి రావాలని మీకూ ఉంటుంది. తప్పకుండా వెళ్ళండి. మీరు ఖాళీ చేతులతో వెళ్ళే మనుషులు కారని మాకు తెలుసు.