ప్రతి లైనుకూ ఒక ఎంటర్

ఆ ఉదయం ఇంట్లోంచి బయల్దేరుతూ, ప్రెస్సులో టైపు చేసి పేజీలు పెట్టే, అందరూ బాబాయ్ అని పిలిచే అతను, ఒంటిగంటకల్లా భోజనానికి వచ్చేస్తానని భార్యకు మాటిచ్చాడు. మిగిలిన పనల్లా పేజీల నంబర్లు వేయడమే. నూట అరవై పేజీల పుస్తకం సాయంత్రం నాలుగింటికి మిషనెక్కాలి, మర్నాడు సభలో ఆవిష్కరణ. రాసింది, చిన్నప్పుడు అతనికి పాఠాలు చెప్పిన మాస్టారు. ముప్ఫై అయిదేళ్ళ బడి జ్ఞాపకాలు. తన పుస్తకం తన శిష్యుడి చేతిమీదుగానే రావాలని ఆయన పట్టుబట్టి, పెద్ద ప్రెస్సులు కాదని ఇక్కడికి తెచ్చారు.

బాబాయ్‌కి ఒక అలవాటుంది. ప్రతి లైను చివరా తన చేత్తో ఎంటర్ కొడతాడు. పేజీ అంచుకు రాగానే మాట దానంతటదే కింది లైనుకు దిగుతుందనీ, పేరా పూర్తయ్యాక ఒక్కసారి ఎంటర్ కొడితే చాలనీ పక్క కుర్చీలోని డిజైనరమ్మాయి ఎన్నోసార్లు చెప్పి చూసింది.

"మిషన్ని నమ్మి వదిలేస్తే అది లైను ఎక్కడ విరుస్తుందో ఎవరికి తెలుసమ్మా? ఇరవై రెండేళ్ళుగా నా లైను నేనే విరుస్తున్నాను" అనేవాడు. ఆ అమ్మాయి చెప్పడం మానేసి తన పని చూసుకునేది.

పదింటికి యజమాని వచ్చి, అనుకున్న సైజు కాగితం దొరకలేదు కాబట్టి పేజీ వెడల్పు అర అంగుళం తగ్గించమన్నాడు. ఐదు నిమిషాల పనేగా అని కూడా అన్నాడు. బాబాయ్ తగ్గించాడు. ప్రతి లైనులోనూ చివరి మాట పట్టక కిందికి జారింది. దాని వెనకాలే తను కొట్టిన ఎంటర్ ఉంది కాబట్టి ఆ మాట ఒక్కటే లైనంతా ఆక్రమించి కూర్చుంది. ఒక నిండు లైను, ఒక ఒంటి మాట. మళ్ళీ నిండు లైను, మళ్ళీ ఒంటి మాట. పుస్తకం మూడు వందల పేజీలైంది.

అప్పుడే పక్కకు తిరిగి కాస్త సాయం పట్టమని అడిగితే సరిపోయేది. నామోషీ అడ్డొచ్చింది. ఎంటర్లన్నీ ఒక్క దెబ్బకు తీసేయమని కంప్యూటరుకు ఆజ్ఞ ఇచ్చాడు. అది నిజంగానే అన్నీ తీసేసింది. లైను చివరివాటితో పాటు పేరా చివరివీ, అధ్యాయం చివరివీ పోయాయి. ఇంతలో అమ్మాయి కుర్చీ ఇటు తిరగడంతో కంగారుపడి, సేవ్ చేసి ఫైలు మూసేశాడు. మళ్ళీ తెరిచేసరికి మాస్టారి జీవితమంతా ఊపిరి తీసుకోకుండా చెప్పిన ఒకే ఒక్క పేరా.

ఏమైందయ్యా అని యజమాని దగ్గరికొచ్చాడు. బాబాయ్ నోట్లోంచి అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

"మాస్టారు రాసిచ్చిందే అలా ఉందండీ. పెద్దాయన, పేరాలు విడగొట్టలేదు. నేనేం చెయ్యను?"

బాబాయ్ వద్దని చెయ్యి ఊపేలోపే యజమాని మాస్టారికి ఫోను చేసి ఆ మాటే చెప్పేశాడు. అరగంటలో మాస్టారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. చంకలో నాలుగు నోటుబుక్కులు, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో.

"పేరాలు విడగొట్టి రాయండని ముప్ఫై అయిదేళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి. నేనే మర్చిపోయానంటే వయసు మీదపడ్డట్టే. క్షమించండి" అని యజమానికి చెప్పుకున్నారు. తర్వాత డిజైనరమ్మాయికి చెప్పుకున్నారు. చివరికి బాబాయ్‌కీ చెప్పుకున్నారు. బాబాయ్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాస్టారు అతని పక్కనే కూర్చుని మొదటి నోటుబుక్కు తెరిచారు. పేరాకూ పేరాకూ మధ్య రెండు వేళ్ళు పట్టేంత జాగా. ఆయన ఒక్క క్షణం దాన్నే చూశారు. ప్రతి పేరాలో మొదటి ముక్క తను చదువుతానని, అక్కడ విడగొడుతూ పొమ్మని చెప్పారు.

ఆయన చదవడం, బాబాయ్ వెతికి పట్టుకుని ఒక్క ఎంటర్ కొట్టడం. ఒంటిగంటకు భార్య ఫోను చేస్తే ఎత్తలేదు. ఈ పుస్తకం టైపు చేసింది తనే. కానీ టైపు చేసేటప్పుడు కళ్ళు అక్షరాల మీదా, మనసు ఇంటి మీదా ఉంటాయి కాబట్టి ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. రెండింటికి తొంభయ్యారో పేజీ వచ్చింది. ఆ పేరా మాత్రం మాస్టారు పూర్తిగా చదివారు.

"బడికున్న ఒక్క గ్లోబూ పగిలిన రోజు క్లాసంతా తలలు వంచుకుంది. ఒక్క పిల్లవాడు మాత్రం అడక్కముందే లేచి నిలబడ్డాడు. అంత నిజాయితీ నేను మళ్ళీ చూడలేదు."

ఆ పిల్లవాడు తనే. గ్లోబు పగలగొట్టిందీ తనే. అయితే ఆ రోజు లేచింది ఒప్పుకోవడానికి కాదు, తలుపు దగ్గరగా ఉంది కదా అని పారిపోవడానికి. మాస్టారు మెచ్చుకుని వీపు తడితే కాదనడానికి నోరు రాలేదు. నలభై ఏళ్ళుగా ఆ మెప్పు తనదేనన్నట్టు తిరిగాడు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఈసారి తలుపు దూరంగా ఉంది. ఎంటర్ల సంగతీ, అబద్ధం సంగతీ, గ్లోబు సంగతీ మొత్తం చెప్పేశాడు. యజమాని వింటున్నాడనీ, అమ్మాయి వింటోందనీ తెలిసే చెప్పాడు.

"మీరు పేరాలు చక్కగా రాశారు మాస్టారూ. చెడగొట్టింది నేను."

"నోటుబుక్కు తెరవగానే తెలిసిందిరా" అన్నారు మాస్టారు. "ఎప్పుడు లేస్తావా అని చూస్తున్నాను. గ్లోబు సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది."

ఆ పేజీ తీసేద్దామా అని బాబాయ్ నేల చూపులు చూస్తూ అడిగాడు. మాస్టారు అక్కర్లేదన్నారు. 'అడక్కముందే' అన్న మాట కొట్టేసి, 'నలభై ఏళ్ళ తర్వాత' అని పెట్టమన్నారు. బాబాయ్ పెట్టాడు.

కింది లైన్లన్నీ వాటంతటవే సర్దుకున్నాయి.