పొదుగు చూసి కొన్న రోడ్డు

ఈ భూమ్మీద పుట్టిన ప్రతి మనిషికీ రెండు హక్కులున్నాయి: ఒకటి ఊపిరి తీసుకోవడం, రెండు దీర్ఘకాల ఆదాయం పొందడం. మొదటిదానికి ఫారం ఇంకా అచ్చు కాలేదు గనుక జనం ఇష్టమొచ్చినట్టు తీసుకుంటున్నారు. రెండోదానికి మాత్రం ధర్మపురి బస్టాండు వెనక సందులో, బిర్యానీ హోటలు మేడ మీద, ఒక ఆఫీసు ఉంది.

ఆ మెట్లు చిక్కమ్మ ఎక్కవలసి రావడానికి కారణం దేశాభివృద్ధి. తొప్పూరు ఘాటు రోడ్డు మలుపుల్లో లారీలు దొర్లిపోతున్నాయని, కొత్త దారి వేయాలని పైవాళ్ళు నిర్ణయించారు. మంచి నిర్ణయమే. మ్యాపు మీద గీసిన గీత చిక్కమ్మ పూలతోట మీదుగా పోయింది. గీసినాయన తోటను చూడలేదు. (చూడాలన్న నిబంధన లేదు. గీత నిటారుగా ఉండాలన్నదే నిబంధన.)

తోట పెద్దదేమీ కాదు. పుట్టింటివాళ్ళు ఆమె పేర రాసిచ్చిన బావి పక్క నేలచెక్క. కొంత గుండుమల్లి, కొంత కనకాంబరం. మెట్ట మీద రాగులూ వేరుశనగా పెనిమిటి జయరామ పెత్తనం కింద ఉండేవి; పూలు మాత్రం చిక్కమ్మ పెత్తనం. గంప ధర్మపురి పూల మార్కెట్టుకు పోయేది, కాసు ఆమె కొంగు ముడిలోకి వచ్చేది. ఆ ముడి విప్పి ఏం చేస్తున్నదో ఆమె ఎవరికీ చెప్పలేదు. పెన్నాగరంలో ఒంటిగా బతుకుతున్న అక్క పచ్చయమ్మాళ్ గది బాడుగ ఆ పూలే కట్టేవి. జయరామకూ వదినగారికీ ఎప్పుడో ఒక పెళ్ళిలో, పంక్తిలో ముందు ఎవరు కూర్చోవాలన్న విషయమై మాట పెరిగింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పచ్చయమ్మాళ్ పేరెత్తితే కంచం విసురుగా పక్కకు జరిగేది. కాబట్టి అక్క బాడుగ అడిగి తీసుకునే కాసుతో కట్టేది కాదు. అడగకుండా వచ్చే కాసుతోనే కట్టాలి.

దారి పడి బండ్లు తిరగడం మొదలయ్యాక గాని పరిహారం రాలేదు. అది చిక్కమ్మ ఖాతాలో పడ్డ రోజు జయరామ బోరు వేయిద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"నాకు బోరూ వద్దు, బంగారూ వద్దు. తోట ఇచ్చినట్ల ఇయ్యాల. ఎవురినీ అడక్కుండా చేతికొచ్చే కాసు కావాల" అంది.

జయరామకు అక్క బాడుగ సంగతి తెలియదు. అయినా ఇంటావిడ తోట పోయి ముఖం వేలాడేసుకుందని మనసులో బాధగానే ఉంది. సరే పదమన్నాడు.

ఆఫీసులో కూర్చున్నాయన పేరు అన్బళగన్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫారంలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి. గోడ మీది బోర్డు ప్రకారం ఆయన 'దీర్ఘకాల ఆదాయ మార్గదర్శి, రెండో శ్రేణి'. (మొదటి శ్రేణివారు సేలంలో ఉంటారు. వారికి ఏసీ ఉంటుంది.)

మార్గం చూపే ముందు మార్గదర్శి నష్టభయ సహన పరీక్ష పెట్టాలి. పెట్టకపోతే కంప్యూటరు ముందుకు పోదు.

"అమ్మా, పెట్టిన డబ్బు మొత్తం పోతుందని తెలిసి కూడా మీ ఇంట్లో ఎప్పుడైనా పెట్టుబడి పెట్టినారా?"

చిక్కమ్మ నోరు తెరవకముందే జయరామ అందుకున్నాడు. "అట్లాంటి జూదం మా వంశంలోనే లేదు తంబీ. మేము సేద్యం చేసేవాళ్ళం."

అన్బళగన్ 'నష్టభయ అనుభవం: శూన్యం' అన్న గడిలో టిక్కు పెట్టాడు. (ఆ ఏడు వాన మొహం చాటేసి వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. మళ్ళీ అప్పు తెచ్చి విత్తారు. దానికి గడి లేదు.)

తర్వాత అన్బళగన్ ఒక పొరపాటు చేశాడు. మార్గదర్శుల శిక్షణ పుస్తకంలో, రైతులకు డివిడెండును పాడిపశువు ఉదాహరణతో చెప్పవలెనని ఉంది. ఎదుటి రైతుకు పశువుల గురించి నిజంగా తెలిసి ఉంటే ఏం చేయవలెనో లేదు.

"షేరంటే బర్రె అనుకోండి అన్నా. డివిడెండంటే పాలు. బర్రెను అమ్మొద్దు, పాలు తాగతా ఉండండి."

జయరామ అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్నవాడు వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. తొప్పూరు నుంచి పాపిరెడ్డిపట్టి దాకా సంతకు పోయేవాడెవడూ జయరామను అడక్కుండా బర్రె తాడు పట్టుకోడు. ఆయన ముఖంలో వెలుగు చూసి చిక్కమ్మకు గుండె జారింది. ఆ వెలుగుతోనే ఆయన లోగడ ఇంటికి మూడు గొడ్డు బర్రెల్ని తోలుకొచ్చాడు.

మొదటి కంపెనీని అన్బళగన్ తెర మీదికి తోలుకొచ్చాడు. పోయినేడు ఎంతిచ్చిందో చూపించాడు. అంకె చూస్తే కళ్ళు చెదిరాయి.

"ఏటేటా ఇచ్చినాడా, ఒక్క తూరేనా?" అన్నాడు జయరామ.

"ఒక్క తూరే అన్నా. ఫ్యాక్టరీ స్థలం అమ్మి పంచినారు."

"పితక్కుండా సంతకు తెచ్చిన బర్రె తంబీ ఇది. రెండు పూటలు బిగబడితే పొదుగు కడవంత కనబడుతుంది. ఇంటికి తెచ్చినాక చెంబుకు రాదు. ఇంకొకటి చూపించు."

రెండోది నెలనెలా పంచే ఫండు. నెలనెలా అనగానే చిక్కమ్మ ముందుకు జరిగింది. అయితే దాన్ని ఇప్పుడు డివిడెండు అనకూడదట, 'ఆదాయ పంపిణీ మరియు మూలధన ఉపసంహరణ' అనాలట.

"అంటే?" అంది చిక్కమ్మ.

"ఒక్కోసారి మీరు పెట్టిన కాసులోంచే తీసి మీకు ఇస్తారమ్మా. జనానికి ఆ సంగతి తెలియాలని పేరు మార్చినారు."

"తెలిసినాక జనం ఏం చేసినారు?"

"పేరు పొడుగుగా ఉందని నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు కుదించి పిలుస్తా ఉండారు."

మూడోది పాత కంపెనీ. తక్కువే ఇస్తుంది, కానీ ఏటా ఇస్తుంది, ఏటా కాస్త పెంచుతుంది. అప్పులు లేవు. అన్బళగన్ గొంతు తగ్గించి, తన తల్లి పేర కూడా ఇదే కొన్నానన్నాడు. జయరామ తల ఊపాడు. అంతా కుదిరిందనుకునే వేళకు కాగితం మీది కంపెనీ గుర్తు ఆయన కంట్లో పడింది. నీలం రంగులో, నీటి సుడిలాంటి బొమ్మ.

"సుడి ఎడమకు తిరిగింది" అన్నాడు.

"అన్నా, అది బొమ్మ."

"వెన్ను మీద ఎడమ సుడి ఉండే గొడ్డును ఇంట్లో కట్టేస్తే యజమానికి అచ్చిరాదు తంబీ. ఆ సుడి ఉందనే మా చిన్నాయన ఎద్దును ఊరికే ఇచ్చినా ఎవురూ తోలుకుపోలేదు."

'తిరస్కరణకు కారణం' అన్న గడిలో అన్బళగన్ కాసేపు ఆలోచించి, 'సాంకేతికం' అని రాశాడు. (ఆ కంపెనీ తర్వాత కూడా ఏటా పెంచుతూనే ఉంది. సుడి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.)

ఇక మిగిలింది 'సన్మార్గ రోడ్ల ఆదాయ ట్రస్టు'. రోడ్ల మీద టోలు వసూలు చేసి, మూడు నెలలకోసారి యూనిట్‌దారులకు పంచుతుంది. యూనిట్ ఉన్నవాళ్ళందరూ ఆ రోడ్డుకు ఓనర్లే. దాని గేట్లలో ఒకటి ఘాటు దిగినాక, కొత్త దారి మీద ఉంది.

"మా తోట మీద వేసిన దారా?" అంది చిక్కమ్మ.

"అదేనమ్మా."

జయరామ లేచి నిలబడ్డాడు. "అంటే పితికేటప్పుడు పక్కన కూర్చోని చూడచ్చు."

పాడిబర్రెను కొనేవాడు బేరం కుదిరినా వెంటనే కాసు ఇవ్వడు. అమ్మేవాడి కొట్టంలోనే ఉండి, రెండు పూటల పాలు కళ్ళారా చూసి, అప్పుడు తాడు అందుకుంటాడు. ఇది ఆ ప్రాంతపు చట్టం. ఏ పుస్తకంలోనూ లేదు గనుక దాన్ని అందరూ పాటిస్తారు.

ఆ ప్రకారం ఆలుమగలిద్దరూ గేటు పక్కన కంకర గుట్ట మీద పొద్దున్నే కూర్చున్నారు. ఆ రోజు ఆడి పెరుక్కు, కావేరికి కొత్తనీరు వచ్చే పండగ. సేలం వైపు జనమంతా హొగెనకల్‌లో కావేరి స్నానానికి కార్లూ వ్యానులూ కట్టుకుని కదిలారు. గేటు దగ్గర బండ్లు తోక కనపడనంత బారు తీరాయి. జయరామ మీసం దువ్వుకున్నాడు. "నురగ చూడే, నురగ" అన్నాడు.

చిక్కమ్మ నురగ చూడలేదు. తన బావి ఎక్కడుండేదో వెతుకుతోంది. గుట్టను బట్టి, దూరంగా కనిపించే కొండను బట్టి చూస్తే చివరి బూత్ ఉన్న చోటే కావాలి. చాలాసేపు అటే చూసింది. చూడగా చూడగా ఇంకో ఆలోచన వచ్చింది. పూలు పోయినా ఈ నేల ఏదో ఒకటి కాస్తూనే ఉంది కదా, అందులో నాలుగు గింజలు నా కొంగులో పడితే తప్పేముంది? అలా అనుకున్నాక కాస్త నిమ్మళించింది.

అయినా అనుమానం చావక, "ఏమయ్యా, ఈ పొద్దు పండగ కదా. దినమూ ఇంతమంది వస్తారా?" అంది.

"అందుకేనే రెండు పూటలు చూసేది" అన్నాడు జయరామ.

సాయంత్రం చూశారు. పొద్దున పోయిన బండ్లన్నీ తడిగుడ్డలు కిటికీలకు ఆరేసుకుని తిరిగి వచ్చాయి. పొద్దుటి కన్నా బారు పెద్దదిగా ఉంది. రెండు పూటలూ చూడడమైనది గనుక జయరామ తృప్తిగా లేచి పంచె దులుపుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో ఆయన భుజం మీది తువ్వాలు తీసి అన్బళగన్ చేతి మీద కప్పాడు. సంతలో ధర నోటితో చెప్పరు; తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెబుతారు. ధర ముంబయిలో నిర్ణయమవుతుందని, ఎవరి వేళ్ళూ అందవని అన్బళగన్ నచ్చచెప్పాడు. జయరామ వినకుండా వేళ్ళు నొక్కాడు. పెద్దమనిషిని నొప్పించలేక అన్బళగన్ తిరిగి నొక్కాడు. బేరం కుదిరింది. తెర మీది ధర తన దారిన తాను పోయింది. చిక్కమ్మ వేలిముద్ర వేసింది.

అంతదాకా ముడిలో దాచిన పాత కాసుతోనే అక్క బాడుగ కట్టుకొచ్చింది. మూడు నెలల తర్వాత ఫోను టింగుమంది. పడిన కాసు పెన్నాగరం బాడుగకు ఒక నెలకే బొటాబొటీగా సరిపోతుంది. చిక్కమ్మ ఒంటరిగా బస్సెక్కి ఆఫీసుకు పోయింది.

"దీంట్లో మూడు భాగాలుంటాయమ్మా. వడ్డీ ఇంత, డివిడెండు ఇంత. మిగతాది మీ అసలే, మీకు తిరిగి ఇచ్చినారు."

"ఏ భాగం పెద్దది?"

అన్బళగన్ ఫ్యాను వైపు చూశాడు. "అసలే అమ్మా."

"తోట తీసుకోని కాసు ఇచ్చినారు. ఆ కాసు తీసుకోని రోడ్డు ఇచ్చినారు. ఇప్పుడు నా కాసునే తుంచి తుంచి నాకిచ్చి, ఆదాయం అంటారా నాయనా?"

"దీర్ఘకాలంలో చూడాలమ్మా."

"పెన్నాగరంలో ఇంటాయన నెలనెలా చూస్తాడు" అంది చిక్కమ్మ.

ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కింటి చెన్నమ్మ తోటలో గుండుమల్లి అరువుకు తీసుకుని, మాల కట్టి, గంపలో పెట్టుకుని గేటు దగ్గరికి పోయింది. బారులో ఆగిన లారీవాళ్ళు దేవుడి పటానికని మూరెడు కొన్నారు. కార్లలో ఆడవాళ్ళు కిటికీ దించి బేరమాడి కొన్నారు. చెన్నమ్మ అరువు తీరి, నెల తిరిగేసరికి అక్క బాడుగ కొంగులో చేరింది. గేటు సూపర్‌వైజరు మాదేష్ మంచివాడు. ఎండ ఎక్కువైతే చివరి బూత్ నీడన కూర్చోమనేవాడు. ఆమె అక్కడ కూర్చుంటే, ఎందుకో, బావి గట్టున కూర్చున్నట్టే ఉండేది. (ఆదాయ శాస్త్రంలో ఇటువంటి సాధనానికి పేరు లేదు. పెట్టింది పొద్దుగూకేలోగా చేతికి వచ్చేస్తుంది గనుక అది దీర్ఘకాలం కిందికి రాదు.)

ఒక మధ్యాహ్నం, రెండు లారీల మధ్య నిలబడి ఉండగా అన్బళగన్ ఫోను చేశాడు.

"అమ్మా, ఓటీపీ వచ్చింటుంది, చెప్పండి."

"ఏమిటికి నాయనా?"

"ట్రస్టు మీటింగులో ఓటు. మీరు ఓనరు కదమ్మా. తీర్మానాలు కొన్ని ఉండాయి, అన్నీ ఇంగ్లీషులో ఉండాయి. వసూళ్ళు పెంచేవే."

"పెంచేవైతే ఒప్పుకో" అని అంకెలు చదివి చెప్పి, చిక్కమ్మ ముందు నిలబడ్డ లారీకి మూర కొలిచింది.

నెల తిరగకముందే మాదేష్ ఒక కాగితం పట్టుకుని బూత్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, రేపట్నుంచి ఇక్కడ పూలు అమ్మకూడదంట."

"ఎవురు చెప్పినారు?"

"ఓనర్లు. అమ్మేవాళ్ళు అడ్డం నిలబడితే బండ్లు నిదానమై వసూలు తగ్గుతుందంట. మీటింగులో తీర్మానం చేసినారు."

"ఆ ఓనర్లు ఈ గేటును ఎప్పుడన్నా చూసినారా?"

"వాళ్ళు ఎక్కడో కూర్చోని కాసు తినేవాళ్ళమ్మా. వద్దని చెప్పినవాళ్ళు ఒక్కరు కూడా లేరంట."

చిక్కమ్మ గంప ఎత్తుకుంది. ఆ ఓనర్ల కొంపలు కూలిపోవాలని, వాళ్ళు కట్టిన కొంగుముడి నిలవకుండా పోవాలని, బస్సు వచ్చేదాకా మనసారా తిట్టింది. ఆ నెల బాడుగకు పెళ్ళయినాక మొదటిసారి పెనిమిటి ముందు చెయ్యి చాపింది. జయరామ తన కాసు ముడి విప్పుతూ, "ఏమిటికే?" అని అడిగాడు. ఆమె చెప్పింది. కంచం విసురుగా పక్కకు జరిగింది.

ఆ త్రైమాసికంలో గేటు వసూళ్ళు స్వల్పంగా పెరిగాయని, అందుకు తోడ్పడిన ఓనర్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలని ట్రస్టు ఆమె ఫోనుకు ఇంగ్లీషులో సందేశం పంపింది.