కప్తాన్ ముఖానికి అడ్డొచ్చిన రింగు

శుక్రవారం పొద్దున దుకాణం షట్టరు పైకెత్తేసరికి తెమ్యోంగ్ చేతిలో ఉన్నవి ఇవీ: బనీన్ల మీదా బ్యానర్ల మీదా బొమ్మలు అచ్చువేసే యంత్రాలు ఒకటిన్నర (రెండోది మనసైనప్పుడే పనిచేసేది), గోడకు ఆనించిన ఊదారంగు జెర్సీ గుడ్డ తానులు, మేడమీద గదిలో అద్దెకుంటున్న నార్వే అమ్మాయి, పేట జనం ఓటేసి ఎన్నుకున్న పెద్ద కప్తాన్ ఉల్దరికో పానిసాలెస్ ఇచ్చిన మాట. మొదటి మూడూ కంటికి కనిపించేవి. నాలుగోది గాలిలో ఉంది. తెమ్యోంగ్ వ్యాపారమంతా ఆ గాలి మీదే నిలబడి ఉంది.

మాట ఏమిటంటే, నవంబరు పండగకు జరిగే బాస్కెట్‌బాల్ పోటీల్లో పేట జట్లన్నిటికీ కప్తాన్ జెర్సీలు ఇప్పిస్తాడు. కుట్టి, అచ్చువేసి ఇచ్చేది తెమ్యోంగ్. రొమ్మున జట్టు పేరు చిన్నగా, వీపున 'పానిసాలెస్' అని పెద్దగా ఉండాలి. ఆటగాళ్ళు నెల ముందు నుంచే అవి తొడుక్కుని వీధుల్లో తిరగాలని కప్తాన్ కోరిక. అది క్రీడాభిమానం తప్ప ప్రచారం కాదు. అక్టోబరు చివర్లో ఎన్నికలు రావడం కేవలం కాకతాళీయం. ఆ ఊదారంగు కప్తాన్‌కు తప్ప ప్రపంచంలో ఎవరికీ నచ్చదు. అందుకే హోల్‌సేల్‌వాడు చవగ్గా ఇచ్చాడు, అందుకే తిరిగి తీసుకోనని ముందే చెప్పాడు.

లోపల తెమ్యోంగ్ భార్య సెనింగ్ వెల్లుల్లి వేసి అన్నం వేయిస్తోంది. నార్వే అమ్మాయి ఇంగే ఎండుచేప ముందు దిగాలుగా కూర్చుంది.

"నోంగ్ తెమ్యోంగ్, నా హృదయము మిక్కిలి భారముగా నున్నది," అంది. నోంగ్ అంటే ఇక్కడ అన్న.

"చేప ఉప్పెక్కిందా?"

"చేప నిర్దోషి. మీ యువజనులే నా దుఃఖమునకు కారణము."

ఇంగేకు ఇక్కడి భాష నేర్పింది ఒక ముసలి ఫాదరు. పాఠ్యపుస్తకం దొరక్క ప్రార్థనల పుస్తకంతో నేర్పాడు. ఆమె ఉప్పు అడిగినా స్తోత్రంలాగే ఉండేది. వచ్చింది మాత్రం రాజకీయాల చదువుకు. ఇక్కడి కుర్రకారుకు రాజకీయాలంటే ఎందుకు పట్టదన్నది ఆమె పరిశోధన.

"యువజన మండలి ఎన్నికకు నామపత్రముల గడువు రేపు సాయంకాలముతో తీరును. ఈ పేట నుండి ఒక్కరును నిలువలేదు. మా దేశములో బడిపిల్లలు సైతము మంత్రులను నిలదీయుదురు. ఇచట ఒక యువకుని 'నీ అభిప్రాయమేమి' అని అడిగితిని. 'నీకు చెల్లెలున్నదా' అనెను."

"మా జెర్లిన్‌ని అడక్కపోయావా?" అన్నాడు తెమ్యోంగ్, బల్ల చివర కూర్చున్న మేనకోడలిని చూపిస్తూ.

"అడిగితిని. 'ఏమో' అనెను."

"మళ్ళీ అడిగినా ఏమోనే," అంది జెర్లిన్ ఫోనులోంచి తల ఎత్తకుండా.

జెర్లిన్ కాలేజీ ముగించి ఏడాదైంది. బాస్కెట్‌బాల్ ఆటలకు మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పడం తప్ప మరో పని చేసి ఎరగదు. ఆ గొంతు మాత్రం ఏటికి అవతలి పేట దాకా వినిపిస్తుంది. మేనమామ లెక్కలో అది పెట్టుబడి పెట్టని సరుకు.

ఇంగే అసలు సంగతి చెప్పింది. శనివారం సాయంత్రం యువతను పోగుచేసి సభ పెట్టాలి, వాళ్ళు మాట్లాడింది నార్వేలోని తన ఆచార్యుడికి పంపాలి. చోటు లేదు, వచ్చే మనుషులూ లేరు.

తెమ్యోంగ్ అన్నం ముద్ద నములుతూనే లెక్క కట్టాడు. సభ అంటే బ్యానరు. బ్యానరంటే పెద్దమనిషి బొమ్మ ఉండాలి. పెద్దమనిషి బొమ్మ లేని బ్యానరు పెళ్ళికొడుకు లేని పెళ్ళి. పెద్దమనిషి ఎవరు? కప్తాన్. తన బొమ్మ చూసుకున్న కప్తాన్ పొంగిపోతాడు. పొంగిన కప్తాన్ జెర్సీల సంగతి కాగితం మీద పెడతాడు.

"చోటు సంగతి నాకొదిలెయ్యి ఇందయ్. బాస్కెట్‌బాల్ కోర్టుకు పైకప్పుంది, కుర్చీలున్నాయి, మైకుంది. కప్తాన్‌తో నేను మాట్లాడతాను," అన్నాడు. ఇందయ్ అంటే ఇక్కడ అమ్మాయి.

కప్తాన్ అడిగింది ఒక్కటే. "నా బొమ్మ ఎంత పెద్దది?"

"ఈ చివర్నుంచి ఆ చివరికి, కప్తాన్."

"నవ్వుతున్నదే వెయ్యి. ఏడుపు మొహాలు జనానికి ఇంటి దగ్గర చాలా ఉన్నాయి."

శనివారం సాయంత్రం అదే కోర్టులో అవతలి పేట జట్టుతో పందెం మ్యాచ్ ఉందన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలిసిన జెర్లిన్ ఫోనులోంచి తలెత్తలేదు. ఆటల సంగతి చూడమని ఆటలకు జెర్సీలు ఇచ్చేవాడిని ఎవరూ అడగరు.

ఆ శుక్రవారం సాయంత్రానికే బ్యానరు తయారైంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కప్తాన్ ముఖం, కింద ఇంగే ఇచ్చిన మాటలు: 'యువత ఎందుకు మౌనంగా ఉంది?' దాన్ని అందరికీ కనపడేలా కట్టాలంటే కోర్టులో ఒక్కటే చోటు, వేదిక వైపున్న బాస్కెట్‌బాల్ పలక. కట్టి దిగి చూస్తే పలక నుంచి ముందుకు వచ్చిన ఇనుప రింగు సరిగ్గా కప్తాన్ ముక్కు దగ్గర గుడ్డను చించుకొచ్చింది. కప్తాన్ ముక్కుతాడు వేసిన దున్నపోతులా ఉన్నాడు.

తెమ్యోంగ్ వెంటనే బోల్టులు విప్పించి రింగు తీయించాడు, ముక్కుకు లోపలి నుంచి అతుకు వేయించాడు. ముఖం చదునుగా, నిండుగా పడింది. తీసిన రింగు ఒకవైపు వంగి ఉండడం చూసి అతనికి మరో ఆలోచన వచ్చింది. ఎలాగూ ఊడింది కదా, వెల్డరు చేత సరిచేయిస్తే సరి. 'కోర్టుకు మరమ్మతు కూడా చేయించాను కప్తాన్' అని ఓ మాట వేయొచ్చు. ఒక ఖర్చులో రెండు మెహర్బానీలు. రింగును వెల్డరుకు ఇచ్చి, పొద్దున్నే తీసుకుంటానన్నాడు.

శనివారం పొద్దున సాధనకు వచ్చిన కుర్రాళ్ళు కోర్టు గుమ్మంలోనే ఆగిపోయారు. రింగు లేదు. రింగు ఉండాల్సిన చోట కప్తాన్ నవ్వుతున్నాడు. నవ్వుతూ, ఎందుకు మౌనంగా ఉన్నారని అడుగుతున్నాడు.

"రింగు పీకేశాడా?"

"పీకేసి, ఇంకా నోరెత్తరేం అని ఎకసెక్కమాడుతున్నాడు చూడు!"

"మ్యాచ్ ఉన్న రోజే! అవతలి పేటవాళ్ళొచ్చి దేంట్లో వేస్తారు బంతి, ఆయన నోట్లోనా?"

ఒకడు పరుగున వెళ్ళి జెర్లిన్‌ను లేపాడు. నిద్రలో లేపితే చెప్పు విసిరే పిల్ల, రింగు మాట వినగానే ఆ చెప్పులే తొడుక్కుని బయలుదేరింది.

అప్పటికి తెమ్యోంగ్ వెల్డరు షాపు ముందు నిలబడి తాళాన్ని చూస్తున్నాడు. శనివారం, కోడిపందేలు. అద్దె ట్రైసికిల్ బండి ఎక్కి బరి దగ్గరికి పోతే వెల్డరు పుంజును చంకలో పెట్టుకుని దాని చెవిలో ఏదో చెబుతున్నాడు.

"ఒరే, రింగు!"

"నా పుంజు దిగాక మాట్లాడదాం నోంగ్."

"నువ్వు రానక్కర్లేదు. తాళంచెవి ఇయ్యి చాలు."

"తాళంచెవి జేబులో ఉంటేనే నా పుంజు గెలుస్తుంది. అదిప్పుడు నీకిస్తే పుంజు ఖరీదు నువ్విస్తావా?"

తెమ్యోంగ్ పుంజును ఎగాదిగా చూశాడు. పెద్ద ఖరీదు చేయదనిపించింది, ఆ కాస్తా ఇచ్చే ఉద్దేశమూ లేదు. వెల్డరు వంతు రావడానికి ఇంకా చాలా పందేలున్నాయి. బల్ల మీద ఓ మూల కూలబడ్డాడు.

ఇక్కడ దుకాణంలోకి జెర్లిన్ సుడిగాలిలా వచ్చింది. "అత్తా, గుడ్డ కావాలి."

"ఏ గుడ్డ?"

"ఏదుంటే అది. ఆ ఊదాది."

"అమ్మో, అది కప్తాన్‌దే!"

"ఇదీ కప్తాన్ కోసమే అత్తా. సాయంత్రం ఆయనకు చూపించాలి."

సభలో కప్తాన్‌కు స్వాగతం కాబోలనుకుని సెనింగ్ తనే కత్తెర అందించింది. మనసైనప్పుడే పనిచేసే రెండో యంత్రం ఆ రోజు, ఎందుకో, ఆగకుండా పనిచేసింది. మధ్యాహ్నానికి తానులన్నీ జెండాలూ తలపట్టీలూ అయిపోయాయి.

నాలుగింటికి కప్తాన్ కారు కోర్టు ముందు ఆగింది. లోపల ఇసుక వేస్తే రాలనంత కుర్రకారు. అందరి తలల మీదా ఊదారంగు. కప్తాన్ కళ్ళు చెమర్చాయి. "నా బిడ్డలు!" అంటూ గుండెల మీద చేయి వేసుకుని, ఇరువైపులా తల వంచుతూ, సరాసరి గుంపు మధ్యకు నడిచాడు. మధ్యకు చేరాక కాని జెండాల మీది అక్షరాలు చదవలేదు.

'ముందు రింగియ్యి, తర్వాత నవ్వు.'

వేదిక మీద ఇంగే రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంది. "ప్రియ సోదరీ సోదరులారా! మీరేల మౌనము వహించితిరి?"

"రింగు! రింగు! రింగు!"

"ఒక్క నిమిషము! మీ మౌనమును గూర్చి నాకు తెలియవలెను!"

"నువ్వాగు ఇందయ్, మేం మాట్లాడుతున్నాం కదా!"

"ఏ రింగు?" కప్తాన్ గుడ్లు తేలేశాడు. "నేనెందుకు తీస్తాను మీ రింగు? నాకేం పని దాంతో? తీసినవాడెవడో పట్టుకురండి, ఇక్కడే తేలుస్తాను!"

అదే క్షణంలో తెమ్యోంగ్ ట్రైసికిల్ దిగాడు. వెల్డరు పుంజు ఓడి, గెలిచినవాడి కూరలోకి పోయాకే తాళంచెవి దొరికింది. చేతులు నొప్పెట్టి రింగును మెడలో వేసుకున్నాడు. గుంపు రెండుగా చీలి దారిచ్చింది. జెర్లిన్ మైకు పట్టుకుంది. అలవాటు ప్రకారం వ్యాఖ్యానమే వచ్చింది. "రింగుతో ప్రవేశిస్తున్నది... మావయ్యా?!"

"దొంగతనం కాదర్రా!" అని తెమ్యోంగ్ అరిచాడు. "కప్తాన్ మొహానికి అడ్డొచ్చిందని తీయించాను, అంతే!"

నిజమే చెప్పాడు. అతని జీవితంలో నిజం ఇంత నష్టం ఎప్పుడూ తేలేదు. కోర్టు పైకప్పు ఎగిరిపోయేంత గోల లేచింది.

"విన్నారా? ఆయన మొహం కోసం మన రింగు!"

"కప్తాన్, అది అలా కాదు... ముక్కు దగ్గర..." తెమ్యోంగ్ నసిగాడు.

"నోర్ముయ్!" కప్తాన్ ముఖం జెండాల రంగుకు తిరిగింది. తెమ్యోంగ్‌ను వదిలి గుంపు మీదికి లేచాడు. "ఏమిటర్రా మీ పొగరు? కోర్టు పేటది, పేటకు కప్తాన్ని నేను. నన్ను లెక్కడిగే హక్కు యువజన మండలికుంది, సరే. ఏదీ మండలి? పోటీకి ఒక్కడు కాగితం వేశాడా? ఒక్కడంటే ఒక్కడు? మండలి లేనప్పుడు నన్నడగడానికి మీరెవరు?"

ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇంగే ఇన్నాళ్ళూ రాసుకున్న మౌనం చివరికి దొరికింది, కాని ఎక్కువసేపు నిలవలేదు.

"టైమెంత?" అంది జెర్లిన్ మైకులో.

"నాలుగుంబావు."

"ఎన్నికల ఆఫీసు ఐదింటికి మూస్తారు. ట్రైసికిళ్ళు తెండి. మన జట్టులో పద్దెనిమిది నిండినవాళ్ళెవరు? చేతులెత్తండి."

కోర్టు ఖాళీ అయింది. కప్తాన్, ఇంగే, రింగు మెడలో వేసుకున్న తెమ్యోంగ్, వరసగా కుర్చీలు మిగిలారు.

"రింగొచ్చేసిందిగా, ఆడుకోరేం?" అన్నాడు తెమ్యోంగ్ వీధివైపు చూస్తూ.

మ్యాచ్‌కు వచ్చిన అవతలి పేట జట్టు ఖాళీ కోర్టు చూసి విషయం కనుక్కుంది. మనం మాత్రం తక్కువా అని వాళ్ళూ ఆఫీసుకు పరుగెత్తి, తమ పేట తరఫున కాగితాలు పడేసి వచ్చారు. ఆ శనివారం ఆట గెలిచింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

కప్తాన్ జెర్సీలు రద్దయ్యాయని వేరే చెప్పనక్కర్లేదు. ఊదారంగు ఇక తన కంటపడకూడదన్నాడు. ప్రచారం తెల్లరంగుకు మార్చి, ఎన్నికలో ఎలాగో గట్టెక్కాడు. జెర్లిన్‌కు పోటీయే లేదు, యువజన మండలి అధ్యక్షురాలైంది. బాస్కెట్‌బాల్ జట్టంతా సభ్యులు.

మండలికి సొంత నిధి ఉంటుంది. పండగ జెర్సీలు ఇక ఆ నిధిలోంచే. ఈ ముక్క తెలిసిన రోజు తెమ్యోంగ్ మళ్ళీ మనిషయ్యాడు. మేనకోడలికి చేప నడుం ముక్క తనే వడ్డించాడు.

"ఏ రంగు కావాలో చెప్పు తల్లీ. గుడ్డ నేను చూసుకుంటాను."

"నిన్న తీర్మానం చేశాం మావయ్యా. జెర్సీల మీద నాయకుల పేర్లుండవు."

"మంచిదే, సిరా కలిసొస్తుంది."

"ఇంకోటి. మండలి సభ్యుల చుట్టాల దగ్గర ఏదీ కొనకూడదు. జీప్నీ బస్సుల స్టాండు ఎదురు దుకాణానికి ఇచ్చేశాం."

తెమ్యోంగ్ గరిట గిన్నెలో పడేశాడు. "ఇలాంటి పాడు బుద్ధి మీకెవరు చెప్పారే?"

"నేనే చెప్పితిని," అంది ఇంగే సంతోషంగా. "మా దేశమున ఇదియే ఆచారము."

ఆమె సంతోషానికి మరో కారణం ఉంది. ఆచార్యుడి నుంచి జవాబు వచ్చింది. రాసిందంతా చెల్లదట. యువత ఎందుకు కదలదన్నది పక్కనపెట్టి, ఎందుకు కదిలిందన్నది మొదటి నుంచి రాయమన్నాడట. కనుక గది మరో ఏడాది కావాలి.

తెమ్యోంగ్ ఆ సాయంత్రం వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. గుడ్డ పోయింది, కప్తాన్ పోయాడు, ఇంటి పిల్ల ఇవ్వాల్సిన బేరం ఎదుటివాడికి పోయింది. వచ్చింది మేడమీద గదికి ఏడాది అద్దె. యువతకు రాజకీయాలు పట్టకపోతే ఎవరికి నష్టమో ఇంగే రాసింది. పడితే ఎవరికి నష్టమో తెమ్యోంగ్‌ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.