దయ్యం బావికి నలభై మూడు వేలిముద్రలు

కరువు సీమకు కావలసింది నీళ్లు కాదు, దయ్యాల సీరియల్! నీళ్లు గొంతు తడిపి ఊరుకుంటాయి. సీరియల్ తెలివి పెంచుతుంది. నమ్మనివారు కోసిగికి మూడు మైళ్ల అవతలి ఊరికి వెళ్లి గిడ్డమ్మను అడగవచ్చు.

ఆ ఊళ్లో చదువు వచ్చినవారు ముగ్గురు. బడి పంతులు ఆంజనేయ, పోస్టు పని చూసే శేషన్న, రీడింగ్ రూము తాళంచెవి మోసే హనుమన్న. శుక్రవారం రైలుకు వారపత్రిక వస్తుంది. అందులో మార్తాండుడనే వీరుడు పిశాచాలను వేటాడతాడు. చదవడానికి పావుగంట, చర్చకు ఆరు రోజులు. ఇంత క్రమశిక్షణ ఏ శాసనసభలో ఉంది?

గిడ్డమ్మకు చదువు రాదు. ఆమె బాధ ఒక్కటే. ఊరి చేదబావి అడుగంటింది. నిండు నెలల కోడలు రెండు మైళ్లు నడిచి వాగులో చెలమ తీసి కడవ నింపుకొస్తోంది. సోమవారం కోసిగిలో తాసిల్దారు క్యాంపు. ఊరంతా కలిసి అర్జీ పెడితే బావిని రెండు నిలువులు లోతు చేయిస్తారని కబురు.

ఆ వైపు అర్జీలకు ఒక పద్ధతి ఉంది. ముందు తెల్లకాగితం అడుగున వేలిముద్రలు పడతాయి. పైన సంగతి చదువుకున్నవారు తర్వాత నింపుతారు. గిడ్డమ్మ రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి, చేలకు పోయి నలభై మూడు వేయించింది. శనివారం పొద్దున కాగితం పట్టుకుని రీడింగ్ రూముకు వచ్చింది.

లోపల పదిహేడో భాగం మీద చర్చ జరుగుతోంది. నీటి పిశాచి ఒక ఊరి బావిలో చేరి నీళ్లన్నీ తాగేసింది. మార్తాండుడు నడుముకు తాడు కట్టుకుని దిగబోతుండగా కథ ఆగింది.

"తాడుతో ఏమప్పా లాభం? కాలికి ఇనుప కడెం ఉండల్ల," అన్నాడు హనుమన్న.

"కడెం నీకెయ్యల్ల. ఆయప్ప దగ్గర మంత్రముండాది గదా!" అన్నాడు శేషన్న.

"మంత్రం పద్నాలుగో భాగంలోనే అయిపాయ. నిద్దరపోతాంటివేమో!"

గిడ్డమ్మ వాకిట్లో కూర్చుని గంటసేపు విన్నది. ఎవరి ఊరో పాపం, అనుకుంది.

"ఒట్టిబాయిలోకి మనిసి దిగేముందర లాంతరు దింపల్ల నాయనా. అది ఆరిపోతే లోపల గాలి లేదని. మా మామ అట్ల దిగే సచ్చిపాయ."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. "శానా బాగా చెప్తివవ్వా! పాయింటంటే ఇది!" అని పంతులు పెన్ను తీశాడు. లాంతరు లేకుండా దిగితే మార్తాండుడు చచ్చిపోడా? వెంటనే ఎడిటరుకు రాయాలి. మధ్యాహ్నం రైలుకు టపా పోతుంది. కాగితం గిడ్డమ్మ చేతిలోనే ఉంది. దాని మీద నలభై మూడు వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఏ ఎడిటరు కాదంటాడు?

"కాగితం ఇట్లియ్యవ్వా."

ఇచ్చింది. పంతులు రాస్తూ ఉంటే తన బావి గురించే అనుకుని చూస్తూ కూర్చుంది. శేషన్న కవరు మీద ముద్ర కొట్టి సంచిలో వేసిన తర్వాత సంగతి చెప్పారు.

"నీదానికేముండాది? ఇంగోసారి ఏయించుకురా," అన్నాడు పంతులు.

ఆదివారానికి ఊళ్లో సగం మంది కూలికి పోయారు. పదకొండు పడ్డాయి. పైన రాయడానికి ముగ్గురిలో ఒక్కరూ లేరు. ఉత్తరం ఆలస్యమవుతుందేమోనని, 'లాంతరు దింపండి' అని టెలిగ్రాం ఇవ్వడానికి కోసిగి స్టేషనుకు పోయారు. సోమవారం ఆ ఊరి అర్జీ పడకుండానే క్యాంపు ముగిసింది.

అర్జీలను ఎవరూ చూడరనేవారు సిగ్గుపడాలి! ఇరవయ్యో భాగంలో మార్తాండుడు లాంతరు దింపాడు. పిశాచి చచ్చింది. బావి గట్టు దాకా నిండింది. ఆడవాళ్లు నీళ్లు చేదుతున్న బొమ్మ కూడా వేశారు. 'నలభై ముగ్గురు పాఠకుల కోరికను మన్నించాము' అని కింద ఎడిటరు గమనిక. ఆ పాఠకుల్లో చదవడం వచ్చినవారు ఒక్కరూ లేరు.

పంతులు ఆ బొమ్మను గిడ్డమ్మకు చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. మర్నాడు కాగితం తెచ్చింది.

"ఏలిముద్రలు యాడవ్వా?"

"నువ్వు రాసినాంక."

"తాసిల్దారు మళ్లా ఎప్పుడొస్తాడో..."

"తాసిల్దారుకొద్దు. ఆ పత్రికాయప్పకే రాయి. మూడు వారాల్లో నీళ్లు తెప్పించినాడు."

"అది కత గదవ్వా! ఆయప్ప నిజం బాయిలు తవ్వడు."

"తవ్వేటోనికి రాసే చెయ్యి నీకుండాదా మరి?"

పంతులు పెన్ను తీశాడు. కూర్చుని తాసిల్దారుకు రాశాడు. రాసి, ఇంకు పెట్టె ముందుకు జరిపాడు. గిడ్డమ్మ వేలు ఇవ్వలేదు.

"సదువు," అంది.

చదివాడు.

"ఇంగోసారి సదువు."

ఇప్పుడు చెప్పండి, సీరియల్ తెలివి పెంచుతుందా, లేదా? ఆ ఊళ్లో ఒకరికి పెరిగింది. ఆమెకు చదువు రాదు.