ఆదెయ్య తిట్టని రోజు

ఆ సోమవారం ఆదెయ్య పెట్టుకున్న పనులు రెండు. ఒకటి అందరికీ తెలిసినదే. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేయించి, తాలు కాయలు ఏరించి, సాయంత్రంలోగా పట్టలు కప్పించాలి. రెండోది మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. పొద్దు గూకేదాకా ఎవర్నీ తిట్టకూడదు.

ఆ రెండోది ఎంత కష్టమో ఆదెయ్యను ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. లేస్తూనే కోడిని తిట్టేవాడు, ముందే కూసిందని. తర్వాత కరెంటును, మబ్బును, మబ్బు లేకపోతే ఎండను. పక్క చేను రంజాన్‌తో పన్నెండేళ్ళుగా గట్టు తగాదా. రోజూ గట్టు మీద నిలబడి అతన్ని తిట్టి, అతని చేత తిట్టించుకుంటేగానీ పనిలోకి దిగేవాడు కాదు. భార్య కోటిరత్నం ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ నోటి దగ్గరే కాపురం చేస్తోంది. వంటింట్లోకి తిట్టు వినపడిందంటే మనిషి కులాసాగా ఉన్నాడని ఆమె నమ్మకం.

ఈ కొత్త బుద్ధి పుట్టించింది సత్తెనపల్లి డాక్టరమ్మ. పట్టలు కొనడానికని ఇంట్లో చెప్పి శుక్రవారం వెళ్ళాడు, తల దిమ్ముగా ఉంటోందని చూపించుకోవడానికి. ఆవిడ బీపీ చూసి, రక్తం తీయించి, "మీరు రోజంతా ఏ మాటలంటారో మీకు లోకం అలాగే కనపడుతుందండీ. మాత్రలు ఇస్తాను గానీ, ఒక వారం మంచి మాటలు మాట్లాడి చూడండి" అంది. మందులతో పాటు ఆ మాట కూడా రాసిచ్చిన చీటీని ఆదెయ్య చొక్కా జేబులో దాచాడు. ఇంటికొచ్చాక దాని వెనక తన చేతిరాతతో నాలుగు ముక్కలు రాసుకున్నాడు కూడా.

కోటిరత్నం టీ గ్లాసు చేతికిచ్చి, అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి వేసింది. ఆదెయ్య ఒక గుక్క తాగాడు. కాసేపు నోట్లోనే ఉంచుకుని, మింగాడు.

"టీ బాగుంది రత్నం."

కోటిరత్నం వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఏమన్నావయ్యా?"

"బాగుంది అన్నా. ఇన్నేళ్ళుగా పొద్దున్నే లేచి పెడుతున్నావు. ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కల్లానికి వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి మిగిలిన టీ తాగబోయింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. చిటికెడు కూడా వెయ్యలేదు. ఆమె నాన్నకు కూడా పోయేముందు నాలుక రుచి పోయింది. ఆ నాలుగు రోజులూ ఆయన కూడా ఇలాగే అందరితో మెత్తగా మాట్లాడాడు.

కల్లంలో ఆదెయ్యకు మాత్రం ఒళ్ళు తేలికగా ఉంది. తిట్టడానికి నోరు తెరిచినప్పుడల్లా మూసుకోవడంతో కళ్ళకు కాస్త తీరిక దొరికింది. మిరపకాయలు ఇంత ఎర్రగా ఉంటాయని ఆయన ఇన్నేళ్ళలో గమనించనే లేదు. అమ్మాయి శ్రీరమ్యకు ఒంగోలు ఫోన్ చేసి రెండు మంచి మాటలు చెప్పాడు. గట్టు దగ్గరకు వెళ్ళి రంజాన్‌తోనూ మాట్లాడాడు.

అరగంటలో రంజాన్ చెమటలు కక్కుతూ ఆదెయ్య ఇంటికొచ్చాడు.

"చెల్లెమ్మా, ఆదెయ్యకి ఏమైంది?"

"ఏమైందన్నా? ఏం చేశాడు?"

"తిట్టలేదు! 'రంజాన్, ఆ జానెడు గట్టు నువ్వే తీసుకో, పోయేటప్పుడు కట్టుకుపోతామా' అన్నాడు. చెయ్యి కూడా పట్టుకున్నాడు. పన్నెండేళ్ళ నుంచీ ఆ మాట కోసమే కొట్లాడుతున్నా గానీ, అనేసరికి భయమేసి ఇటే పరుగెత్తుకొచ్చా."

కోటిరత్నం ఇక ఆగలేదు. చిలక్కొయ్యకున్న చొక్కా జేబు తడిమింది. చీటీ బయటికొచ్చింది. ముందువైపు డాక్టరు రాత. రంజాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, చివర ఉన్న రెండు ముక్కలు మాత్రం చదవగలిగాడు. "ఒక వారం." వెనకవైపు ఆదెయ్య రాత అచ్చు గుద్దినట్టు ఉంది. "ఎవర్నీ తిట్టకూడదు. రంజాన్‌తో తగాదా తెంచుకోవాలి. అమ్మాయితో మాట్లాడాలి. రత్నానికి ఒక మంచి మాట చెప్పాలి."

"వారమేనా అన్నా!" కోటిరత్నం గడప మీద కూలబడింది. "పట్టలు కొంటానని వెళ్ళి డాక్టర్‌కి చూపించుకున్నాడా? నాకు చెప్పకుండానే పోదామనుకున్నాడా?"

అంతలో శ్రీరమ్య ఫోన్. "అమ్మా, నాన్న ఫోన్ చేసి, 'నువ్వు పుట్టినప్పుడు ఎంత సంతోషపడ్డానో నీకెప్పుడూ చెప్పలేదమ్మా' అన్నాడు. అసలేమైందే? నాకు భయంగా ఉంది. బస్సెక్కేశా."

భయం ఒక ఇంట్లో ఆగేది కాదు కదా. పన్నెండయ్యేసరికి ఆదెయ్య వాకిట్లో యాభై జతల చెప్పులున్నాయి. అరటిపళ్ళు, కొబ్బరిబొండాలు వచ్చాయి. కల్లంలో తాలు ఏరే ఆడవాళ్ళు కూడా వార్త తెలిసి, ఆదెయ్య చేనులోకి వెళ్ళడం చూసి, ఎక్కడి కాయలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఎవరో ముందుచూపు ఉన్నవాళ్ళు పంచాయతీ ఆఫీసు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు.

అన్నానికని వచ్చిన ఆదెయ్యను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆయనకు నాలుక చివరిదాకా వచ్చింది, పనులు మానుకుని ఇక్కడేం పీకుతున్నారని. డాక్టరమ్మ గుర్తొచ్చింది. చేతులు జోడించాడు.

"అందరూ వచ్చారు. చాలా సంతోషం."

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు.

ఆదెయ్యకు అప్పుడు మొదలైంది భయం. ఒక్కరూ ఆయన కళ్ళలోకి చూడటం లేదు. నవారు మంచం వాల్చి, దుప్పటి పరిచి, చెయ్యి పట్టుకుని పడుకోబెట్టారు. శుక్రవారం తీసిన రక్తం గుర్తొచ్చింది. రిపోర్టు సోమవారం వస్తుందన్నారు. ఇవాళ సోమవారమే. తనకు చెప్పలేక ఇంటికి ఫోన్ చేసి చెప్పారన్నమాట! పొద్దున ఎర్రగా మెరిసిన లోకం కళ్ళముందు మసకబారింది. రంజాన్ కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రుద్దడం మొదలుపెట్టేసరికి ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. గట్టు కోసం గొడ్డలి పట్టుకొచ్చిన మనిషి పాదాలు రుద్దుతున్నాడంటే ఇంకేం మిగిలింది?

మూడు గంటలకు శ్రీరమ్య బస్సు దిగి పరుగున వచ్చి, "నాన్నా" అంటూ మీద పడి ఏడ్చింది. ఆదెయ్య కూతురి తల నిమిరి, భార్యను దగ్గరకు పిలిచాడు.

"రత్నం, నిజం చెప్పు. ఎన్నాళ్ళంట?"

"నీకు తెలిసి నన్నడుగుతావేమయ్యా? చీటీలో ఉందిగా, వారమని."

"వారమా!"

ఆ వారం తన మంచి మాటల వారమేనన్నది ఆ క్షణాన ఆయన బుర్రకు తట్టలేదు. అంతమంది ఏడుస్తుంటే ఎవరికి మాత్రం తడుతుంది? కళ్ళు మూసుకుని, చిన్నప్పటి నుంచి చేసిన పాపాలు తలుచుకోవడం మొదలుపెట్టాడు. అవి చాలానే ఉన్నాయి.

అప్పుడు వాకిట్లో రేకుల మీద టప్పుమని ఒక చప్పుడు. కాసేపటికి ఇంకోటి. తర్వాత వరసగా నాలుగు.

ఆదెయ్య ఒక కన్ను తెరిచాడు. రెండో కన్ను తెరిచాడు. వాకిట్లో ఉన్న యాభైమందినీ చూశాడు. కల్లంలో ఎవరున్నారో లెక్కకట్టాడు. ఎవరూ లేరు.

"ఒరేయ్ సన్నాసుల్లారా!" మంచం మీంచి దూకాడు. "కాయలు తడిసి చస్తుంటే ఇక్కడ కూర్చుని అరటిపళ్ళు మింగుతున్నార్రా? పట్టలు లాగండ్రా! ఏమే రత్నం, గుడ్లప్పగించి చూస్తావేం, నీ మొహం తగలెయ్య! ఒరేయ్ రంజానూ, నా కాళ్ళొదులు! ఆ గట్టు నాది. జానెడు కాదు, జొన్నగింజంత కూడా ఇవ్వను!"

"తిట్టాడు!" కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మా రమ్యా, మీ నాన్న తిట్టాడే!"

"అదీ మాట! ఆ గట్టెవడిదో రేపు పొద్దున తేల్చుకుందాం రా!" అంటూ రంజాన్ కల్లం వైపు పరుగెత్తాడు. పెళ్ళికొడుకు తండ్రి మొహంలో కూడా అంత సంతోషం ఉండదు. వెనకాలే ఊరంతా పరుగెత్తింది. పావుగంటలో పట్టలు కప్పేశారు. అంతసేపూ ఆదెయ్య పేరుపేరునా అందర్నీ తిడుతూనే ఉన్నాడు. తిట్టు పడ్డవాళ్ళంతా తృప్తిగా ఇళ్ళకు వెళ్ళారు. ఓ వారగా ఉన్న నాలుగు బస్తాల కాయలు తప్ప ఏమీ తడవలేదు.

శ్రీరమ్య చీటీ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. రక్తంలో ఏమీ లేదు. బీపీ మాత్రలు వేసుకోమన్నారు. ఆ వారం సంగతి కూడా డాక్టరమ్మే చెప్పింది. అది విని శ్రీరమ్య నవ్వే ఓపిక కూడా లేక లోపలికెళ్ళి పడుకుంది.

చీకటి పడింది. కోటిరత్నం టీ తెచ్చి ఇచ్చి, ఈసారి వెనక్కి వెళ్ళకుండా పక్కనే కూర్చుంది.

"పొద్దున టీలో చక్కెర లేదు," అంది.

"తెలుసు."

"తెలిసే బాగుందన్నావా?"

"నీకు ఒక మంచి మాట చెప్పాలని రాసుకున్నా. పొద్దున్నే చెప్పేయకపోతే మళ్ళీ నోరు రాదేమోనని భయమేసింది. చేతిలో టీయే ఉంది."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "పొద్దున భయపడి సరిగ్గా వినలేదయ్యా. ఇంకోసారి అను."

ఆదెయ్య లేచి, వీధిలోకి తొంగి చూసి, వాకిలి తలుపు గడియ పెట్టి వచ్చాడు.