మా ఇంటి ఎకో క్యాన్సిలేషన్

స్పీకర్ ఫోన్లో తమ మాట తెగిపోతోందని గగ్గోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెగనివ్వండి! కుటుంబాలు నిలబడుతున్నదే ఆ తెగిపోవడం వల్ల!

తెలియనివాళ్లకు చెబుతాను. అవతలివాడి గొంతు మన స్పీకర్లోంచి వచ్చి, మన మైకులో దూరి, తిరిగి వాడి చెవికే చేరుతుంది. అదే ఎకో. దాన్ని తుడిచేయడానికి ఫోన్లో ఎకో క్యాన్సిలేషన్ అనే ఏర్పాటుంది. అది లేకపోతే ఏమవుతుందో ఊహించారా? శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ చెప్పేవాడు "పది" అంటే, "పది" అని తిరిగొస్తే, పాపం రాకెట్ ఏ పదిని నమ్మాలి?

కాకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే అది తికమకపడి, ఇవతలి మనిషి గొంతును కూడా ఎకో అనుకుని తుడిచేస్తుంది. దీన్ని లోపమంటారు ఇంజినీర్లు. వాళ్లకింకా పెళ్లిళ్లు కాలేదేమో!

మా ఇంట్లో జరిగింది వినండి. మా ఆవిడ లోకేశ్వరికి ఐరాలలో వాళ్ల నాయన రాసిచ్చిన మామిడితోపు ఉంది. దాన్ని అమ్మేయాలని పాకాలలో ఉండే మా అన్న పరంధామయ్య నిర్ణయించాడు. తోపు ఆమెది, నిర్ణయం ఆయనది. ఇంతకన్నా చక్కటి పని విభజన ఉంటుందా?

తిరుపతిలో మేమిద్దరం స్పీకర్ పెట్టుకుని కూర్చున్నాం. "తోపు అమ్మేద్దాం, అమ్మేద్దాం రా మోహనా" అంటున్నాడు అన్న. సరిగ్గా అప్పుడే "అమ్మొద్దు బావా" అంది లోకేశ్వరి. రెండు మాటలూ ఒకేలా మొదలయ్యాయి కదా! ఫోను రెండోదాన్ని ఎకో అనుకుని తుడిచేసింది.

"ఏమ్రా, ఎవురూ కాదన్లేదు గదా?"

"ఎవురూ అన్లేదన్నా" అన్నాను. పక్కనే ఉన్న నీకు వినపడలేదా అంటారా? టెక్నాలజీ కంటే నేను గొప్పవాణ్నా?

"నేనమ్మను. అవి మా నాయన నాటిన చెట్లు" అంది మళ్లీ. అదే సమయానికి అన్న దగ్గాడు. ఫోను దగ్గును ఉంచి చెట్లను కొట్టేసింది. ఎంత ప్రశాంతంగా ముగిసిందో ఆ సమావేశం!

మొన్న ముగ్గురం చిత్తూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాం. "ఏమ్మా, తోపు అమ్మేది నీకు ఇష్టమేనా?" అని అడిగింది రిజిస్ట్రారమ్మ.

"ఇష్టమే!" అన్నాం నేనూ అన్నా ఒక్క గొంతుతో. మాతోపాటే లోకేశ్వరి కూడా ఏదో అంది.

"మీరిద్దురూ గమ్మునుండండప్పా! ఆయమ్మ ఏందో చెప్తా ఉండాది. ఇంగోసారి చెప్పమ్మా."

"ఇష్టం లేదు మేడమ్" అంది లోకేశ్వరి. రిజిస్ట్రారమ్మ కాగితాలు మడిచి మా చేతికిచ్చేసింది.

ఇదేం అన్యాయమండీ! మూడు గొంతులు ఒక్కసారిగా లేస్తే, అందులో ఏది తుడిచేయాలో ఒక ఆఫీసరుకు తెలియదా? ఫోన్లకు పెట్టింది చాలు. ప్రభుత్వంవారు ముందు అధికారుల చెవులకు ఎకో క్యాన్సిలేషన్ పెట్టించాలి. ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు వినపడిపోతుంటే, మాలాంటి కుటుంబీకులు ఏమైపోవాలి?